గురువారం చెప్పాల్సిన పేరు

తాహెర్‌కు తెలివి ఎక్కువ. ఆ సంగతి ఊరికంటే అతనికే బాగా తెలుసు.

అతను సఖావత్ షా అనే పీరుగారి శిష్యుడు. హైదరాబాదు పాతబస్తీలో ఆయన ఖాన్‌కా, అంటే సూఫీల మఠం. అక్కడ ఒక ఆచారం ఉంది. కొత్త శిష్యుడు మూడేళ్ళు గుమ్మం దగ్గరే కూర్చుని, వచ్చినవాళ్ళ చెప్పులు బయటివైపు తిప్పి పెట్టాలి, వెళ్ళేటప్పుడు వాళ్ళు తడుముకోకుండా. వినయం అలవాటు కావడానికి పెట్టిన పని అది. మనవాడికి ఇంకోటి అలవాటైంది. మడమ అరుగుదల చూసి మనిషి నడక చెప్పేవాడు. అంటిన మట్టి చూసి తిరిగిన గల్లీ చెప్పేవాడు. పోయిన ఉంగరాలు, తప్పిపోయిన మేకలు, అలిగి పారిపోయిన అల్లుళ్ళు, అన్నీ పట్టిచ్చాడు. చార్మినార్ దగ్గర గాజులమ్మేవాళ్ళు కూడా ఏది పోయినా "తాహెర్‌ని అడగండి" అనేవారు.

అలాంటిది, ఖాన్‌కాలోనే వెండి ధూపదాని పోయింది. గురువారం సాయంత్రాలు రోగులకు ఊదు పొగ పట్టేది దానితోనే.

"వచ్చే గురువారం అందరి ముందూ దొంగ పేరు చెప్తాను," అని తాహెర్ ప్రకటించాడు. మీసాలు ఇంకా సరిగ్గా రాలేదు గానీ, వచ్చి ఉంటే మెలేసేవాడే.

ఆ గురువారం వాకిలి పట్టనంత జనం వచ్చారు. తాహెర్ ముందుగా గురువుగారి గదిలోకి వెళ్ళాడు. ఆయన కూర్చుని ఊదు దంచుతున్నారు.

"హజ్రత్, దొంగ ఎవరో కాదు. జరీ పనిచేసే కరామత్ మియా!"

కరామత్ మియా ఇరవై ఏళ్ళుగా అక్కడికి వచ్చే ముసలాయన. గురువుగారు దంచుతూనే ఉన్నారు.

"ఆయన ఎడమ చెప్పు పట్టీ కింద ఊదు బూడిద కనిపించింది. శాలువా కింద దాచి పట్టుకెళ్తుంటే రాలి ఉంటుంది. వెంట వెళ్ళాను. రంగులద్దేవాళ్ళ గల్లీ వెనక ఇల్లు. కిటికీలోంచి చూశాను. మంచం తలాపున మన ధూపదాని, పొగ కూడా వస్తోంది!"

తాహెర్ ఛాతీ పొంగిపోయింది. ఈ ఊళ్ళో ఇంకొకడు ఇది కనిపెట్టలేడు అనుకున్నాడు. నిజం చెప్పాలంటే, కనిపెట్టలేడు కూడా.

"మంచం మీద ఎవరున్నారు?" అడిగారు గురువుగారు.

"ఎవరో పడుకుని ఉన్నారు హజ్రత్."

"ఆడమనిషా, మగమనిషా?"

ధూపదాని మీద చెక్కిన తీగలు ఎన్నో తాహెర్ చెప్పగలడు. మంచం మీది ముఖం ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

"కరామత్ మియా భార్య ప్రతి గురువారం పొగ పట్టించుకోవడానికి వచ్చేది కదా," అన్నారు గురువుగారు.

"అవును. ఆకుపచ్చ పట్టీల చెప్పులు..." తాహెర్ గొంతు తగ్గింది. "రెండు నెలలైంది హజ్రత్, అవి గుమ్మం దగ్గర కనిపించి."

బయట జనం కేకలేస్తున్నారు. "తాహెర్! పేరు చెప్పు!" కిటికీలోంచి చూస్తే ముందు వరసలోనే ఉన్నాడు కరామత్ మియా, తల దించుకుని. పేరు బయటపడితే ఆయన ఇక ఈ గుమ్మం తొక్కలేడు, ఏ గుమ్మమూ తొక్కలేడు.

గురువుగారు దంచిన ఊదును కాగితంలో పొట్లం కట్టి, శిష్యుడి చేతిలో పెట్టారు.

"ఆయన తీసుకెళ్ళిన ఊదు ఈపాటికి అయిపోయి ఉంటుంది. ఆ ఇంటికి దారి నీకు తెలుసు. వెళ్ళి ఇచ్చి రా."

తాహెర్‌కు సిగ్గు ముంచుకొచ్చింది. పొట్లం అంగీలో దాచుకుని వాకిట్లోకి వచ్చాడు.

"దొరికాడా?" అడిగాడొకాయన.

తాహెర్ కరామత్ మియా ముఖం వైపు ఒకసారి చూశాడు. అందరికీ వినిపించేలా, గొంతు పెంచి చెప్పాడు.

"లేదు. నాకు చేతకాలేదు."