గూడబాతుకి పేరు పెట్టిన పిల్ల

అనగా అనగా సిరిమడుగు అని ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ఒక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఒక ఏడు కంకాళుడనే మాంత్రికుడు వచ్చి, ఆ రాజ్యంలో చెరువులన్నీ గుక్క తిప్పుకోకుండా తాగేసి, ఏడు సముద్రాల అవతల తన దీవికి వెళ్ళిపోయాడు. పైర్లు మాడిపోయాయి. పశువుల డొక్కలు ఎండిపోయాయి.

రాజు ఒక మునిని అడిగితే, మాంత్రికుడి ప్రాణం ఆ దీవి మడుగులో ఒక నల్లచేపలో ఉందన్నాడు. పొద్దు పొడిచాక మొదలుపెట్టి పొద్దు గుంకేలోగా మడుగంతా తోడెయ్యాలి. తోడలేనివాడు రాయైపోతాడు. పెద్దకొడుకు వెళ్ళి బిందెతో తోడాడు, రాయైపోయాడు. నడిపివాడు కడవతో తోడాడు, వాడూ రాయైపోయాడు. ఇక చిన్నవాడు ఉదయకేతు బయలుదేరాడు.

సముద్రపొడ్డున ఒక పెద్ద తెల్లపక్షి వలలో చిక్కుకుని ఉంది. ఉదయకేతు వల కోసి, దాని రెక్కలు నిమిరి, పేరేమిటని అడిగాడు.

"నాకు పేరు లేదు నాయనా. గొంతు కింద ఈ తిత్తి చూసి కొంగలన్నీ నవ్వుతాయి. పేరు పెట్టేదెవరు?" అంది పక్షి.

అది అతన్ని వీపున ఎక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది.

దీవిలో పొన్నారి అనే రైతుబిడ్డ ఉంది. మాంత్రికుడు ఆమెను ఎత్తుకొచ్చి ఆ మడుగులోంచి తన తోటకి గూడతో నీళ్ళు తోడిస్తున్నాడు. గూడ అంటే తాళ్ళు కట్టిన బుట్ట. ఇద్దరు చెరోవైపు నిలబడి ఊపితేనే నీళ్ళు పైకొస్తాయి. పాపం, పొన్నారి రెండోవైపు తాళ్ళు చెట్టుకి కట్టి అవస్థపడుతోంది. ఉదయకేతు తానెవరో, ఎందుకొచ్చాడో ఆమెకి చెప్పాడు.

"మీ అన్నలనీ పట్టమన్నాను. రాచబిడ్డలం, గూడ పట్టం అన్నారు," అంది పొన్నారి.

ఉదయకేతు చెట్టుకున్న తాళ్ళు విప్పి అందుకున్నాడు.

పొద్దు పొడిచింది. ముంచారు, ఎత్తారు, పోశారు. ముంచారు, ఎత్తారు, పోశారు. అతని అరచేతులు బొబ్బలెక్కితే ఆమె తన పైట చింపి కట్టింది. తీరా పొద్దు బారెడుందనగా, మడుగులో మోకాలిలోతు నీళ్ళు మిగిలుండగా, గూడ పుటుక్కున చిరిగింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు పక్షి మడుగులోకి దిగింది. ముక్కు ముంచి, తిత్తినిండా నీళ్ళు ఎత్తి గట్టున పోసింది. అలా ఎత్తి ఎత్తి ఆఖరి తిత్తిలో నల్లచేపని పట్టింది. మూడు రోజులుగా దానికి తిండి లేదు. అయినా మింగకుండా తెచ్చి ఉదయకేతు చేతిలో పెట్టింది. మాంత్రికుడు పరుగెత్తుకొచ్చి కాళ్ళమీద పడబోయేలోగా నీళ్ళు లేక చేప చచ్చింది, వాడూ చచ్చాడు. రాళ్ళైన అన్నలు లేచారు. సిరిమడుగు చెరువులు నిండాయి.

పొన్నారి పక్షి మెడ కావలించుకుంది. "నా గూడ చిరిగితే నువ్వే గూడవయ్యావు తల్లీ. ఇవాళ్టినుంచి నువ్వు గూడబాతువి."

పక్షి తన పేరు మెల్లిగా పలికి చూసుకుంది. మళ్ళీ పలికింది.

ఉదయకేతు పొన్నారిని పెళ్ళాడి చాలాకాలం రాజ్యమేలాడు. పెళ్ళిలో నీళ్ళందించింది అన్నలిద్దరే. గూడబాతు సిరిమడుగులోనే ఒక చెరువుగట్టున గూడు కట్టుకుంది. దాని పిల్లలు తల్లి తిత్తిలోకి తలలు దూర్చి చేపలు తింటుంటే, రాజూ రాణీ తమ పిల్లల్ని చంకనేసుకొచ్చి చూపించేవారు.