మెల్లకన్ను చిలక

తవిటినాయుడు పాతదొకటీ కొత్తదొకటీ రెండు పళ్లపొడి పొట్లాలు తెచ్చి మాస్టారి ముందు బల్ల మీద పెట్టాడు.

"చూసి చెప్పండి మాస్టారూ. ఏది బాగుంది?"

జగన్నాథం మాస్టారు హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరైన మనిషి. బొబ్బిలిలో సున్నం రాలే గోడల మధ్య ఒంటరిగా ఉంటాడు. తవిటినాయుడికి పెన్సిల్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. కళ్లజోడు సర్దుకుని రెండు పొట్లాలూ చూశాడు.

"కొత్తది బాగుంది."

"మరి జనం ఎందుకు కొనడం లేదు? మన జనానికి కంటికి ఇంపైనది అక్కర్లేదు మాస్టారూ. ఎంత చేసినా బూడిదలో పోసిన పన్నీరే."

అసలేం జరిగిందో మొదట్నుంచీ చెప్పమన్నాడు మాస్టారు.

సంగతేమిటంటే, తవిటినాయుడు ఓ పుస్తకం కొన్నాడు. లోగోలు ఎలా గీయాలి, ఓ సరుక్కి పేరూ రంగూ రూపూ ఎలా కట్టాలి అని చెప్పే లావుపాటి పుస్తకం. నున్నటి కాగితం, పేజీకో రంగుబొమ్మ. ఏడాదిపాటు దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు. మొదటి పేజీలోనే ఒక మాట ఉంది: గుర్తు పని ఒక్కటే, చూసినవాడు గుర్తుపట్టడం. దాని కింద ఎర్ర సిరాతో గీత గీశాడు. ఆ తర్వాత తనకే ఓ లోగో వేసుకుని విజిటింగ్ కార్డులు అచ్చు కొట్టించాడు. పనేమో ఇంకా ఒక్కటీ రాలేదు.

పక్కింట్లో సూరీడమ్మ ఉంది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆవిడే పళ్లపొడి దంచి, పొట్లాలు కట్టి, సంతల్లో అమ్ముకుంటుంది. చిలక మార్కు ఎర్ర పళ్లపొడి. ఆ చిలక బొమ్మ ఎప్పుడో ఆవిడ మామగారి కాలంలో చెక్క మీద చెక్కించింది. చెక్కినవాడి ఉలి జారిందో ఏమో, చిలక కనుపాప ముక్కు వైపు లాగేసినట్టుంటుంది. పక్కకి తిరిగి కూర్చున్న పక్షికి కనపడేది ఒక్క కన్ను, ఆ ఒక్కటీ మెల్ల.

తవిటినాయుడు ఆవిడ దగ్గర పైసా అడగలేదు. "ఊరికే చేసిపెడతాను చిన్నమ్మా, నీ వ్యాపారం ఎక్కడికో వెళ్లిపోతుంది" అన్నాడు. పుస్తకం ప్రకారం గుండ్రాలు గీసి, వాటిలోంచి చిలకని తీశాడు. రంగులు తగ్గించాడు, అక్షరాలు మార్చాడు, కన్ను సరిచేశాడు.

సూరీడమ్మ ఒక్కటే అడిగింది. "కన్ను జోలికెల్లకురా నాయుడూ. జనం దాన్నే సూస్తారు."

"అది తప్పు చిన్నమ్మా. తప్పుని ఎవరు చూస్తారు?" అని నవ్వాడు.

చదువుకున్నవాడు, కళ్లముందు పెరిగినవాడు, పైగా ఊరికే చేస్తున్నాడు. ఆవిడ సరేనంది. చేతిలో ఉన్నదంతా కొత్త కవర్ల అచ్చుకి పెట్టేసింది. పాత చెక్క అచ్చు పొయ్యిలోకి పోయింది. అది కూడా నాయుడి సలహాయే, పాతదీ కొత్తదీ రెండూ చలామణీలో ఉండకూడదని పుస్తకంలో ఉందట.

జనం అభిప్రాయం కూడా కనుక్కోమంది పుస్తకం. కనుక్కున్నాడు. కాలేజీ స్నేహితులందరికీ ఫోన్లో బొమ్మ పంపాడు. అందరూ అదిరిందన్నారు. వాళ్లలో ఎర్ర పళ్లపొడితో పళ్లు తోముకునేవాడు ఒక్కడూ లేడు.

ఇదంతా విన్నాక మాస్టారు రెండు పొట్లాలూ అతని చేతికి తిరిగి ఇచ్చేశాడు.

"రేపు సూరీడమ్మతో సంతకెళ్లు. ఆవిడ పక్కన కూర్చో. నోరు మాత్రం విప్పకు."

"ఎందుకు మాస్టారూ?"

"ఊరికే కూర్చోడానికి."

మర్నాడు సంతలో సూరీడమ్మ గోనెపట్టా పరిచి, కొత్త పొట్లాలు పేర్చి, ఎండకి కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుంది. తవిటినాయుడు పక్కన గొంతుక్కూచున్నాడు. పొట్లాలు దూరం నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనపడుతున్నాయి. లోపల కాస్త గర్వంగానే ఉంది అతనికి.

కొండ మీంచి దిగిన ముసలమ్మ ఒకావిడ వచ్చి ఒక పొట్లం తీసింది. పేరు చదవలేదు. చదువు రాదు. పొట్లాన్ని వెలుగుకి ఎత్తి చిలక కంట్లోకి చూసి, ఉన్నచోటే పెట్టేసింది.

"ఇది నాకొద్దప్పా. మెల్లసిలక ఉంటే ఇయ్యి" అంది సూరీడమ్మతో, అక్కని పిలిచినట్టు.

"ఇదీ అదేనే. పొడి మారనేదు, బొమ్మే మారింది" అంది సూరీడమ్మ.

"బొమ్మెందుకు మారతాది? తిన్నకన్ను సిలక దొంగోడిది గదా. నిరుడు మా కోడలు తెలీక తెచ్చింది. ఇటికపొడి. పిల్లల సిగుళ్లు పగిలి నెత్తురు కారింది."

తవిటినాయుడికి అప్పుడు అర్థమైంది. ఎవరో పట్నంలో కూర్చుని సూరీడమ్మ చిలక మార్కుని దొంగచాటుగా అచ్చు వేసి ఇటికపొడి అమ్ముతున్నారు. వాళ్లకి బొమ్మలు బాగా వచ్చు. అందుకని వాళ్ల చిలకకి కన్ను తిన్నగా ఉండేది. ఈ సంతలో మంచి పొడికీ ఇటికపొడికీ మధ్య ఉన్న తేడా అంతా ఆ మెల్లకన్నే. దాన్ని అతను సరిచేశాడు.

అప్పుడైనా మాస్టారి మాట గుర్తుంచుకోవలసింది. గుర్తులేక కాదు, తను గీసిన బొమ్మని ఎదురుగా దొంగదంటే ఆగలేకపోయాడు.

"అవ్వా, ఇది గీసింది నేనే" అన్నాడు లేచి నిలబడి. "ఇది దొంగది కాదు. మెల్లకన్నుదీ, ఈ తిన్నకన్నుదీ రెండూ ఈవిడ ఇంట్లోనే తయారౌతాయి. రెండూ ఒకే చేతివి. కావాలంటే ఆవిణ్ణే అడుగు."

గట్టిగానే చెప్పాడు. చింతపండు అమ్మేవాళ్లూ, గాజులు బేరం చేసేవాళ్లూ కూడా తిరిగి చూశారు.

ముసలమ్మ పొట్లం వైపు మరోసారి చూసింది. తర్వాత సూరీడమ్మ వైపు తిరిగింది.

"రెండూ నీ ఇంట్లోయేనా అప్పా?"

సూరీడమ్మ నాయుడి వైపు చూసింది. అవునంటే ఇటికపొడీ తనదే అవుతుంది, కాదంటే ముందున్న పొట్లాలు దొంగవవుతాయి.

"అయితే ఆ ఇటికపొడి కూడా నువ్వే అమ్మినావా? మనిషివి మంచిదానివనుకున్నాను." ముసలమ్మ కోపంగా కూడా అనలేదు. చేతులు దులుపుకుని వెళ్లిపోయింది. విన్నవాళ్లు విననివాళ్లకి చెప్పారు. సంత ముగిసేసరికి పేర్చిన పొట్లాలు పేర్చినట్టే ఉన్నాయి.

తవిటినాయుడు ఆ రాత్రే పాత పొట్లం చూసి మెల్లకన్ను మళ్లీ గీశాడు. బాగా కుదిరింది. అచ్చం పాతదే. తన డబ్బుతో కొన్ని కవర్లు అచ్చు కొట్టిస్తే, తర్వాతి సంతలో సూరీడమ్మ వాటినీ పెట్టింది. జనం మెల్లకన్నుని చూశారు, ఆవిడ మొహాన్ని చూశారు, ముందుకి నడిచారు. వాళ్లకి ఇప్పుడు రెండు చిలకలూ ఒక్కటే.

దసరా వెళ్లేసరికి సూరీడమ్మ రోలు బోర్లించేసింది. జీడిపిక్కల మిల్లులో కూలికి వెళ్తోంది. జీడి సొన తగిలి వేళ్లు నల్లగా కమిలిపోయాయి. ఒక సాయంత్రం మిగిలిపోయిన కవర్ల కట్ట ఎత్తుకొచ్చి తవిటినాయుడి గుమ్మంలో దింపింది.

"నాకెందుకురా ఇవి. నువ్వే ఉంచుకో, మంచి కాయితం."

"తిట్టు చిన్నమ్మా" అన్నాడతను. "నన్ను తిట్టు."

"తిట్టడానికేటుంది." ఆవిడ కట్ట మీది చిలకని నల్లబడ్డ వేలితో తడిమింది. "సిలక బాగుందిరా. దాన్ననడానికేటీ నేదు."

తవిటినాయుడికి ఆ పూట అన్నం సహించలేదు. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

మర్నాడు కవర్ల కట్టా, లావుపాటి పుస్తకమూ మోసుకుని మాస్టారింటికి వెళ్లాడు. సంతలో జరిగింది ఆయనకి ఆ రోజే తెలిసింది, ఊరంతా తెలిసింది. ఆయన ఒక్కసారీ పిలిచి అడగలేదు. ఇప్పుడూ అడగలేదు.

"ఈ పుస్తకం చింపెయ్యండి మాస్టారూ. నాకు చేతులు రావడం లేదు. నన్ను ముంచింది ఇదే."

మాస్టారు పుస్తకం అందుకుని మొదటి పేజీ తెరిచాడు. ఎర్ర గీత ఉన్న మాట చదివాడు. ఇంకో రెండు మూడు పేజీలు తిరగేశాడు.

"మంచి పుస్తకం" అన్నాడు. "ఇందులో అబద్ధం ఏమీ లేదు."

తవిటినాయుడు తల వంచుకున్నాడు.

మాస్టారు లేచి కత్తెరా, మైదాపిండి జిగురూ తెచ్చుకున్నాడు. కవర్ల కట్ట విప్పి, పైనున్న కొన్ని తీసి, వాటిని అంచుకి అంచు అతికించి పెద్ద కాగితం చేశాడు. పుస్తకాన్ని దాని మీద పెట్టి, బడి తెరిచేముందు పిల్లల పుస్తకాలకి అట్టలు వేసినట్టే, ఓపిగ్గా మడతలు పెట్టాడు. మూలలు గోటితో నొక్కాడు. చిలక సరిగ్గా అట్ట నడిమికి వచ్చేలా చూసుకున్నాడు.

పనంతా అయ్యేదాకా తవిటినాయుడు నిలబడే ఉన్నాడు. ఆయన కూర్చోమనలేదు.

జిగురు ఆరాక మాస్టారు పుస్తకాన్ని అతని రెండు చేతుల్లో పెట్టాడు. ఎర్ర అట్ట మీద చిలక, తిన్నటి కన్నుతో, ఎంతో ముచ్చటగా ఉంది.

"తీసుకెళ్లు" అన్నాడు. "ఎన్ని పుస్తకాల్లో ఉన్నా దీన్ని నువ్వు గుర్తుపడతావు."