రోజుకి కాస్త గట్టిమేళం

గువ్వలపాలెంలో ఉన్న బుర్రలన్నీ తక్కెడకి ఒక పక్క వేసి, తమ ఇంటి మూడు బుర్రలూ రెండో పక్క వేస్తే, తమ పక్కే నేలకి దిగుతుందని నాగరత్నం నమ్మకం. ఆ మూడింట్లోనూ తనదే బరువైన బుర్ర అని ఇంకా నమ్మకం. మొగుడు వీర్రాజుది సన్నాయి, మరిది తాతబ్బాయిది డోలు, తనది శ్రుతిపెట్టె. ఊళ్ళో ఏ పెళ్ళయినా వాళ్ళదే మేళం. వీళ్ళు మొదలెట్టగానే జనం లేచి భోజనాల పందిట్లోకి పారిపోయేవారు.

"చూశారా, మన వాయిద్యానికి ఎంత ఆకలి పుడుతుందో!" అని మురిసిపోయేది నాగరత్నం.

ఒకరోజు ప్రెసిడెంటు సత్తిరాజు గారు ముగ్గుర్నీ పిలిపించారు. "ఇదిగో వీర్రాజూ, నలభై రోజుల్లో మా అమ్మాయి వసుంధర పెళ్ళి. ఈలోగా వాయించడం నేర్చుకున్నారా, సరే. లేదా, ఊరి మేళం పొన్నలగరువు వాళ్ళకి ఇచ్చేస్తా. ఇక ఆ డోలు పిట్టల్ని తోలుకోవడానికే మీకు."

ఇంకేముంది! తాతల నాటి మేళం పోతుందంటే నాగరత్నం ఊరుకుంటుందా? మొగుణ్ణీ మరిదినీ వెంటేసుకుని పక్కూళ్ళో ముసలి విద్వాంసుడు పేరయ్య గారి దగ్గరికి పరిగెత్తింది. ఆయన తమలపాకుకి సున్నం రాసుకుంటూ చెప్పారు:

"రహస్యమేం లేదమ్మా. కోడి కూయగానే లేవండి. రోజూ ఒకే చోట కూర్చుని, గంటసేపు, ఏం జరిగినా ఆపకుండా సాధన చెయ్యండి. ఒక్కరోజు తప్పినా మళ్ళీ మొదటికొస్తారు. ముందు ఈ 'స' పట్టుకోండి" అని ఒక్క స్వరం ఊది చూపించారు.

"ఇంతేనా! ఈ మాత్రం తెలీకే లోకం ఇలా తగలడింది" అంది నాగరత్నం దారి పొడుగునా.

మొదటి రోజు కోడి కూసింది, లేచారు, వాయించారు. రెండో రోజూ అంతే. నాగరత్నానికి గుండె ఉప్పొంగిపోయింది. "వరసగా రెండు రోజులు! ఈ ఊళ్ళో ఎవడైనా చేశాడా? ఇంత సాధించాక సంబరం చేసుకోకపోతే ఎలా?" అంది. చేసుకున్నారు. ఆ కోడినే కోసి పులుసు పెట్టుకున్నారు.

మర్నాడు ఎండ మంచాల మీదకి ఎక్కింది. ముగ్గురూ కళ్ళు తెరుచుకునే పడుకుని ఉన్నారు.

"వదినా, లేద్దామా?" అన్నాడు తాతబ్బాయి.

"కోడి కూసిందా?"

"లేదు."

"మరి? క్రమశిక్షణంటే బుద్ధి పుట్టినప్పుడు లేవడం అనుకున్నావా?"

మధ్యాహ్నమైంది. కడుపులు కాలుతున్నాయి. తాతబ్బాయికి ఉపాయం తట్టింది. "నేను గోడెక్కి కూస్తా వదినా!"

"ఒరే తెలివైనోడా, నువ్వు లేవాలంటే ముందెవరు కూయాలిరా?"

వాడు ఆలోచనలో పడ్డాడు. అంతే, పొద్దు గూకింది. "రోజు తప్పిపోయిందే రత్నం!" అని వీర్రాజు ఏడుపు లంకించుకున్నాడు.

"ఛ, ఊరుకోండి. కోడి కూయలేదు కాబట్టి తెల్లారలేదు. తెల్లారలేదు కాబట్టి ఆ రోజే రాలేదు. రాని రోజు తప్పేదేమిటి?" అంది నాగరత్నం. అలా లెక్క చెప్పగలిగినందుకు తనకి తనే ముచ్చటపడి, పక్కింటి సూరాయమ్మ కోడిపుంజుని అడిగి తెచ్చి మంచం కోడుకి కట్టేసుకుంది.

తొమ్మిదో రోజు. గడ్డివాము పక్కన, వాళ్ళ చోట్లో, సాధన సాగుతోంది. రెండు చేతులూ సన్నాయికి కావాలి కదా, వీర్రాజు వెలుగుతున్న చుట్టని గడ్డివాము అంచున జాగ్రత్తగా పెట్టాడు. ఇంకేముంది!

"ఓలమ్మో, గడ్డివాము అంటుకుందే! లేవండే!" సూరాయమ్మ కేకలు.

వీర్రాజు ఊదుతూనే పెళ్ళాం వంక బిక్కచూపు చూశాడు. నాగరత్నం తల అడ్డంగా ఊపింది. ఏం జరిగినా ఆపొద్దన్నారు. గడ్డివాము తగలబడటం కూడా జరగడమే కదా! తాతబ్బాయి పంచె కొసకి నిప్పంటుకుంది. వాడు పుట్టాక మొదటిసారి డోలు వేగం అందుకుంది. ఊరంతా వచ్చి బిందెలతో నీళ్ళు కొడితే, ఆ నీళ్ళలోనే గంట పూర్తిచేసి లేచారు. వాము బూడిదైంది. వాళ్ళ గేదె బూడిద వాసన చూసి వీళ్ళ వంక చూసింది.

"గడ్డి పోతే పోయింది, అలవాటు నిలబడింది" అంది నాగరత్నం తడి కొంగు పిండుకుంటూ.

ఇరవయ్యో రోజు పేరయ్య గారికి చూపించడానికి వెళ్ళారు.

"ఏదీ, వినిపించండి."

"స..."

"బాగుంది. తర్వాత?"

"తర్వాత మళ్ళీ స, గురువుగారూ."

"ఇరవై రోజులూ ఇదేనా?"

"ఒక్కరోజు కూడా తప్పలేదండి!"

పేరయ్య గారు నోట్లో తాంబూలం మింగలేక, ఉమ్మలేక అవస్థపడ్డారు. "రోజూ కూర్చుంటే సరిపోదు తల్లీ, కూర్చున్నందుకు ఏదో ఒకటి రావాలి. రోజుకి కాస్త కాస్త పెంచుకుంటూ పోవాలి. అంతా ఒక్కరోజులో చేసెయ్యకూడదు."

మొదటి మాట నాగరత్నం చెవిన పడలేదు. కాస్త కాస్త పెంచడం మాత్రం పట్టుకుంది. మర్నాడు వీర్రాజు బుగ్గలు పూరించి ఊదబోతే చేయి అడ్డం పెట్టింది.

"ఆగండి! ఇవాళే ఇంత గట్టిగా ఊదేస్తే రేపు పెంచడానికేం మిగుల్తుంది? ముందు బాగా తగ్గించండి."

అంతే. వీర్రాజు సన్నాయిని నోటి దగ్గర పెట్టుకుని ఊపిరి బిగబట్టాడు. తాతబ్బాయి డోలుని చంటిపిల్ల వీపు నిమిరినట్టు నిమిరాడు. ఆ మర్నాడు దానికి కాస్త పెంచారు. ఊరు ఇరవై రోజుల తర్వాత హాయిగా తెల్లారేదాకా నిద్రపోయింది. సత్తిరాజు గారు వాళ్ళ ఇంటి మీదుగా వెళ్తూ చెవులు రిక్కించి విని, "మేళం ఎంత మారిపోయిందిరా!" అని మెచ్చుకున్నారు కూడా. పెళ్ళి నాటికి సన్నాయి మోత ఎదిగి ఎదిగి దోమ ఈడుకి వచ్చింది.

పెళ్ళి పందిరి కిక్కిరిసింది. పెళ్ళికొడుకు పట్నంలో పెద్ద చదువులు చదివినవాడని పందిరంతా చెప్పుకుంటున్నారు. ముహూర్తం దగ్గరపడింది. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని లేచాడు. పంతులు గారు చెయ్యెత్తి, "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నారు.

గుయ్యిమంది. పంతులు గారు చెవి మీద ఫెడీమని కొట్టుకున్నారు.

"గట్టిగా వాయించండిరా!" సత్తిరాజు గారు అరిచారు.

"ఇవాళ్టి పెంపు పొద్దున్నే అయిపోయిందండి. మళ్ళీ రేపే" అంది నాగరత్నం వినయంగా.

"నా కూతురి తాళి రేపటిదాకా ఆగుతుందటే?"

"ఇంకో రెండేళ్ళు ఆగారంటే, మా గట్టిమేళం పొన్నలగరువు దాకా వినిపిస్తుందండి!"

ఇక లాభం లేదని చుట్టాలందరూ దొరికిన పళ్ళేలూ గరిటెలూ పట్టుకుని బాదడం మొదలెట్టారు. ఆ మోతలో పెళ్ళికొడుకు ఒక ముడి వేశాడు. రెండో ముడికి దారం అందుకున్నాడు.

నాగరత్నం అది చూసింది. అయ్యో, అన్నీ ఇవాళే! ఎవరూ చెప్పలేదు కాబోలు! చంకలో శ్రుతిపెట్టె ఆడిస్తూనే వేదిక మీదకి ఒక్క గెంతు గెంతి, పెళ్ళికొడుకు మణికట్టు పట్టేసుకుంది.

"ఆగు బాబూ! మూడూ ఒక్కరోజులోనేనా? అలా చేసినవేవీ నిలవవు. ఇవాళ ఒకటి వేశావు, చాలు. రేపు ఇదే వేళకి, ఇదే చోట రెండోది. ఎల్లుండి మూడోది. ఒక్కరోజు తప్పావో, మళ్ళీ మొదటి ముడి నుంచే!"

నలుగురు లాగితే గానీ ఆమె పట్టు వదల్లేదు. అప్పటికి ముహూర్తం దాటిపోయింది. పంతులు గారు పంచాంగం మూసేశారు. వసుంధర ఒక్క ముడితో తల వంచుకుని కూర్చుంది.

"పొండి! ఈ క్షణం నుంచి ఊరి మేళం పొన్నలగరువు వాళ్ళది! మీ మొహాలు నాకు చూపించకండి!" సత్తిరాజు గారు కండువా విసిరికొట్టి, ఇక దిక్కు అల్లుడేనని అతని వైపు తిరిగారు. "బాబూ, చదువుకున్నవాడివి. నువ్వైనా ఏదో ఒకటి చెప్పు."

పెళ్ళికొడుకు నుదుటి మీద బాసికం సవరించుకున్నాడు.

"ఆవిడ చెప్పింది సబబుగానే ఉంది మామయ్యగారూ" అన్నాడు. "మరి రేపటి ముడి దాకా ఈ బాసికం ఉంచుకునే పడుకోమంటారా, తీసేసి పడుకోమంటారా?"