తెల్లరంగు పెట్టె

వకుళ వస్తూనే గేటు గడియ గట్టిగా వేసింది. ఆ చప్పుడుకే దేవసహాయం సారుకు అర్థమైంది, అమ్మాయి ఎవరి మీదో కోపంతో వచ్చిందని.

ధర్మవరం శివారులో సారుది చిన్న ఇల్లు, పెద్ద పెరడు. యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రం చెప్పి రిటైరయ్యాక ఇక్కడ స్థిరపడ్డాడు. వకుళ ఆయన దగ్గరే ఎండల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుంది. నగరంలో మంచి సంస్థలో పని దొరికింది. అయితే ఆమెకు పేరు తెచ్చింది పరిశోధన కాదు, నోరు. శీతోష్ణస్థితి మారిపోతోందన్న సంగతి మామూలు మనుషులకు మామూలు మాటల్లో చెప్పడం మొదలుపెట్టింది. రేడియోలో చెప్పింది, టీవీలో చెప్పింది, ఊళ్లు తిరిగి చెప్పింది. ఇప్పుడు రైల్లో కూడా జనం గుర్తుపట్టి, ‘ఎండల మేడమ్ కదూ’ అని పలకరిస్తున్నారు. అలా పలకరిస్తే ఆమెకు బాగానే ఉంటుంది. బాగోదని ఎవరనగలరు?

“మంచినీళ్లు తాగు ముందు,” అన్నాడు సారు.

ఆమె తాగలేదు. చెంబు చేత్తో పట్టుకునే మొదలుపెట్టింది.

“బొమ్మనపల్లె వాళ్లు నన్ను రావద్దంటున్నారు సార్. సోమవారం నుంచి వడగాడ్పులు. ఈ వేసవిలో ఇదే పెద్ద దెబ్బ. ఉపాధి పనికి పోయేవాళ్లు మిట్టమధ్యాహ్నం దాకా మట్టి తవ్వుతున్నారు. పోయిన వారం ఒకావిడ పనిలోనే పడిపోయింది. లక్ష్మక్క. ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. రేపు మీటింగు పెట్టమని నర్సు సుగుణమ్మకు ఫోన్ చేస్తే ఆమె ఏమందో తెలుసా? ‘మేడమ్, మీరొస్తే జనం రారు’ అంది.”

“ఎందుకట?”

“ఆ కూలీల జట్టుకు మేట్ ఒకాయన ఉన్నాడు సార్. ఆయన కదలమంటేనే జట్టు కదులుతుంది, ఆపమంటే ఆపుతుంది. ఆయనకు నామీద కోపం. పోయినేడాది మీటింగులో అడ్డంగా మాట్లాడితే గట్టిగా జవాబిచ్చాను. అది మనసులో పెట్టుకున్నాడు. ఒక్కడి పట్టుదలకు ముప్పైమంది ఎండలో మాడాలా?”

సారు చెయ్యి చాపాడు. “ఆ జవాబు నీ ఫోన్‌లో ఉంటుంది కదా. చూపించు.”

ఉంది. ఉండకేం, లక్షలమంది చూసిన వీడియో అది. బడి ఆవరణలో షామియానా. ఎర్ర తువ్వాలు భుజాన వేసుకున్న మనిషి లేచి నిలబడ్డాడు. “ఎండలు మాకు కొత్తా మేడమ్? మా నాయన ఈ ఎండలోనే పని చేసినాడు. బాగానే బతికినాడు గదా?” అన్నాడు. మైకు పట్టుకున్న వకుళ ఒక్క క్షణం కూడా ఆగలేదు. “మీ నాయన ఎడ్లబండి మీద తిరిగాడు. మీరు మోటారుసైకిలు కొన్నారు. ఒక్క ఎండ దగ్గరే నాయన గుర్తొస్తాడా?” అంది. షామియానా అంతా నవ్వు. తువ్వాలాయన కూడా నవ్వబోయి, నవ్వలేక, కూర్చున్నాడు. కింద ఎవరో ‘చెంప చెళ్లుమనే జవాబు’ అని పేరు పెట్టారు.

సారు చివరిదాకా చూసి ఫోన్ తిరిగిచ్చాడు.

“ఆయన పేరేమిటి?”

వకుళ తడబడింది. “మేట్... మేట్ అనే అంటారు సార్ అందరూ.”

సారు లేచాడు. పెరట్లోకి నడిచాడు.

పెరటి మధ్యలో, నాలుగు కాళ్ల మీద నిలబడి, ఆయన చెక్కపెట్టె ఉంది. దాని గోడలు నిండు పలకలు కావు, కిందికి వాలిన సన్నటి పట్టీలు. గాలి ఆడుతుంది, ఎండ దూరదు. తలుపు ఉత్తరం వైపు, తెరిచినప్పుడు కూడా సూర్యుడు లోపలికి తొంగిచూడకుండా. లోపల థర్మామీటరు. సారు రోజూ అవే వేళలకు దాన్ని చూడటం మానడు. పెళ్లిళ్లకు రమ్మంటే ఆ వేళలు చూసుకునే వస్తానంటాడు. బంధువులు నవ్వుకునేవాళ్లు, తర్వాత అలవాటు పడ్డారు.

“ఏటా వేసవికి ముందే దీనికి తెల్లరంగు వేస్తాను. ఈసారి మోకాళ్లు సహకరించలేదు,” అన్నాడు సారు. “చూడు, ఎలా మాసిపోయిందో. రంగు మాసితే పెట్టె ఎండను తాగడం మొదలుపెడుతుంది. కాస్త రంగు వేసి పెడతావా?”

“ఇప్పుడా సార్?” వకుళకు దాదాపు ఏడుపొచ్చింది. “నేనొచ్చింది మిమ్మల్ని తీసుకుపోదామని. మీ మాటైతే వింటారు. రేపు పొద్దున...”

“రేపటి సంగతి రేపు చూద్దాం. ముందు థర్మామీటరు బయటికి తీసి ఎక్కడైనా నీడన తగిలించు. తర్వాత గరుకు కాగితంతో పాత రంగు గీకు.”

పెద్దాయన చెప్పాక కాదనలేదు. పెట్టె తలుపు తీసింది, థర్మామీటరు బయటికి తీసింది, తగిలించింది, గీకడం మొదలుపెట్టింది. చేతులు పని చేస్తున్నాయి గానీ నోరు బొమ్మనపల్లెలోనే ఉంది. ఎన్నిసార్లు ఎన్ని రకాలుగా చెప్పిందీ, ఎంత మంచి బొమ్మలు చూపించిందీ, ఒంట్లో వేడి పెరిగితే గుండెకు ఏమవుతుందో చిన్నపిల్లలకు కూడా తెలిసేటట్టు చెప్పిందీ, ఇంత చేసినా వాళ్లకు తలకెక్కడం లేదని, చెప్పేవాళ్లకైనా ఓపిక ఎంతని ఉంటుందనీ. సారు పెరటి వాకిట్లో ముక్కాలి పీట మీద కూర్చుని వింటున్నాడు. మధ్యలో ఒకసారి గోడ వైపు చూశాడు.

ఒక పూత అయ్యింది. వకుళ జుట్టులో, చేతుల మీద తెల్ల చుక్కలు. కోపం సగం చల్లారింది. రంగు వేసే పనికి ఆ గుణం ఉంది.

“రీడింగు వేళయింది. కాస్త చూసి చెప్పు,” అన్నాడు సారు.

వకుళ బ్రష్షు పక్కన పెట్టి వెళ్లి చూసింది. “యాభై రెండు సార్,” అని పైకే చెప్పేసింది. చెప్పాక నాలుక కరుచుకుంది.

థర్మామీటరు పడమటి గోడకున్న మేకుకు వేలాడుతోంది. నిండు ఎండలో. అక్కడ తగిలించింది తనే.

ఎండల మీద డాక్టరేట్. ఎండల మేడమ్. ఈ తప్పు మొదటి ఏడాది పిల్లలు చేస్తే తరగతంతా నవ్వుతుంది. వకుళ చెవులు కాలిపోయాయి.

“మీరు నీడన పెట్టమన్నారు. నేను వినలేదు సార్.”

“ఆ థర్మామీటరు పాడైందా?” అడిగాడు సారు.

“లేదు సార్. బాగానే ఉంది.”

“అబద్ధం చెబుతోందా?”

“అబద్ధం కాదు సార్. ఎండలో పెడితే గాజు కాగిపోతుంది. అప్పుడు అది చెప్పేది చుట్టూ ఉన్న గాలి వేడి కాదు...”

ఆమె గొంతు నెమ్మదించింది.

“తన వేడే చెబుతుంది,” అంది చివరికి.

సారు తల పంకించి లేచాడు. గోడ దగ్గరికి వెళ్లి, కాలుతున్న థర్మామీటరును పంచె చెంగుతో పట్టుకుని తీసి, వంటగది చూరు నీడలో వేలాడదీశాడు. “మొదటి ఏడాది పాఠం బాగానే గుర్తుంది నీకు,” అన్నాడు. తర్వాత రెండో పూత వేయమన్నాడు.

రెండో పూత వేస్తున్నంతసేపూ వకుళ ఒక్క మాట మాట్లాడలేదు.

వెళ్లబోయే ముందు గేటు దగ్గర అడిగింది. “రేపు మీరు రారా సార్?”

“నాకు రీడింగు ఉంది. ఈ రోజు చూసింది ఎటూ లెక్కకు రాదు. రేపటిదైనా సరిగా చూడాలి కదా.”

ఆ రోజు ఆమె గడియ వేసిన చప్పుడు సారుకు వినపడనే లేదు.

మర్నాడు పొద్దున వకుళ బొమ్మనపల్లె బడికి పోలేదు. షామియానా లేదు, మైకు లేదు, బొమ్మలు లేవు. ఊరవతల గుట్ట కింద జట్టు పని మొదలుపెట్టే చోటికి నడిచి వెళ్లింది. పారలు, గడ్డపారలు అప్పుడే ఆటోలోంచి దించుతున్నారు. అప్పటికే పొద్దు బాగా ఎక్కింది.

ఎర్ర తువ్వాలాయన ఆమెను దూరం నుంచే చూశాడు. “ఏం మేడమ్, మళ్లా నవ్విచ్చేదానికి వచ్చినారా?” అన్నాడు. జట్టులో ఇద్దరు ముగ్గురు ముఖాలు తిప్పుకున్నారు.

చురుకైన జవాబొకటి వకుళ నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు అంత తొందరగా పోతుందా? దాన్ని మింగేసి, అక్కడే మట్టి కుప్ప మీద కూర్చుంది.

“పోయినేడు మీరొక మాట అడిగినారు అన్నా. నేను జవాబు చెప్పలేదు. నవ్వించి తప్పించుకున్నా. మీ నాయన ఈ ఎండలోనే పని చేసినాడన్నారు. ఆయన సంగతి చెప్తారా?”

ఆయన నమ్మలేదు. ఫోన్‌తో ఎవరైనా తీస్తున్నారేమోనని ఆమె వెనక చూశాడు. ఎవరూ లేరు.

“ఏముంది చెప్పేదానికి,” అన్నాడు కాసేపటికి. “బావులు తవ్వేటోడు. ఇట్లాంటి ఎండలే. ఒకనాడు గూడా పడిపోలేదు. మేం పడిపోతాండాం. లక్ష్మక్క పడిపోయినప్పుడు నేనే మోసినా. మాకు బలం లేదా, కూడు లేదా, నాకు తెలీదు. ఆ పొద్దు నేనడిగింది అదే. ఎగతాళికి అడగలా.”

వకుళ కళ్లు దించుకుంది. ఏడాది కిందట ఆ మనిషి లేచి నిలబడి అడిగింది ప్రశ్నే. ఆమె అది వాదన అనుకుంది. ఊరంతా ముందు ఉంటే ఆమెకు తన మాట ఒక్కటే వినపడింది.

“మీ నాయన రాత్రిపూట యాడ పండుకునేవాడు?” అని అడిగింది.

“ఇదేం ప్రశ్న? మిద్దె మీద. ఎండాకాలం అందరం మిద్దె మీదే.”

“చల్లగా ఉండేదా?”

“ఉండేదా అంటే? తెల్లవారుజామున మా యమ్మ లేసి ఆయనకు దుప్పటి కప్పేది. నాకు గ్యాపకం.”

“ఇప్పుడు మీరు?”

ఆయన జవాబు చెప్పబోయి ఆగాడు. పక్కనున్న ఆడమనిషి అందుకుంది. “యాడ దుప్పటి? తెల్లారినా మిద్దె కాల్తానే ఉంటాది. కన్ను మూతపడితే గదా.”

“అదే అన్నా తేడా,” అంది వకుళ. “పగటి ఎండ కొంత పెరిగింది, నిజమే. దానికన్నా రాత్రి చల్లబడటం మానేసింది. మీ నాయన ఒళ్లు రాత్రంతా చల్లారి, పొద్దున కొత్తగా ఎండలోకి పోయేది. మీ ఒళ్లు నిన్నటి వేడి దిగకుండానే ఈ రోజు ఎండలోకి వస్తాంది. బలం తక్కువై కాదు. మీరు రెండు రోజుల ఎండ ఒకేసారి మోస్తున్నారు.”

తువ్వాలాయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

“ఇది ఆ పొద్దే చెప్పింటే,” అన్నాడు.

అంతకుమించి అనలేదు. అనకపోయినా ఆ మిగిలిన మాట లక్ష్మక్క రూపంలో ఆసుపత్రిలో పడుకుని ఉంది. వకుళ తల ఊపింది.

ఆయన ఆటో వైపు తిరిగాడు. “రేయ్, రేపటి నుంచి తెల్లారకముందే రావల్ల నువ్వు. పొద్దు ఇంత పైకొచ్చేతలికి అందరం ఇండ్లకాడ ఉండల్ల. వడగాడ్పు తగ్గేదాకా అంతే. ఆలస్యం చేస్తే వేరే ఆటో చూసుకుంటాం.” తర్వాత జట్టు వైపు చూసి, “ఈ పొద్దుకు పని వద్దు. పారలు ఎక్కీండి,” అన్నాడు.

పారలు మళ్లీ ఆటోలోకి ఎక్కాయి.

వకుళ ధర్మవరం బస్సెక్కి సారుకు ఫోన్ చేసింది. మీటింగు ఎలా జరిగిందని ఆయన అడగలేదు. విన్నారా, వినలేదా అని కూడా అడగలేదు. ఒక్కటే అడిగాడు.

“ఆయన పేరేమిటమ్మా?”

“వన్నూరప్ప సార్.”

“మంచిది. రంగు ఆరింది. థర్మామీటరు లోపల పెట్టేశాను,” అన్నాడు సారు.