కందిదిబ్బ దేశం మొదటి బంతి

కందిదిబ్బ వాళ్ళకి తెలివి మహా ఎక్కువ. ఎంత ఎక్కువంటే, నిద్రలో చెవుల్లోంచి కారిపోతుందేమోనని దూది పెట్టుకుని పడుకునేవాళ్ళు. నలభై మంది జనం, ఒక ధాన్యం గాదె, ఒక మంత్రి. దాన్నే దేశం అనేవాళ్ళు. ఆ మంత్రి బైరాగినాయుడు.

ఆయనకి ఒకటే దిగులు. ఏటా వాగు ఒడ్డున రెండు దేశాలకీ కలిపి విందు జరుగుతుంది. సంపన్న దేశానికే మొదటి బంతి. ఏడేళ్ళుగా అవతలి ఒడ్డు పెసరపాడు వాళ్ళే అందులో కూర్చుంటున్నారు. బూరెలు మొదటి బంతికే, రెండో బంతికి చారన్నమే. పాపం, ఏడేళ్ళుగా బైరాగినాయుడికి బూరె వాసనే తప్ప బూరె లేదు.

ఈసారి ఎవరు సంపన్నులో తేల్చడానికి లెక్కల పంతులు వచ్చాడు. గాదె కొలిచాడు.

"మీ పంట నాలుగు వందల కుంచాలు, మీరు నలభై మంది. మనిషికి పది. పెసరపాడులో ఆరు వందల కుంచాలు, యాభై మంది. మనిషికి పన్నెండు. విందునాడు మళ్ళీ తలలు లెక్కపెడతాను నాయుడుగారూ."

"మా లెక్క పెరగాలంటే ఏం చెయ్యాలి పంతులుగారూ?"

"పంటైనా పెరగాలి, తలలైనా తగ్గాలి," అని నవ్వేసి పంతులు వెళ్ళిపోయాడు.

విందు నాలుగు రోజుల్లోనే, ఈలోగా పంటెలా పెరుగుతుంది? అందుకని అందరూ తలల మీద బుట్టలు బోర్లించుకుని, కనపడకుండా నడవడం మొదలెట్టారు. ఇంకేముంది, ముగ్గురు వాగులో పడ్డారు. ఒకాయన గేదెని పట్టుకుని, "అన్నం పెట్టవేమే?" అని గంటసేపు తిట్టాడు. గేదె పెట్టలేదు.

"ఇలా కాదు. సగం మంది వాగు దాటి పెసరపాడులో ఉండిపోండి," అన్నాడు బైరాగినాయుడు. అంతే, ఇరవై మంది మూటలు కట్టుకుని దాటేశారు. మనిషికి ఇరవై కుంచాలైంది. పెసరపాడు లెక్క ఎనిమిదిన్నరకి పడిపోయింది. గెలిచేశారు! కానీ తెలివి ఊరుకోనిస్తుందా?

"ఇంకో పదిమంది వెళితే మనిషికి నలభై!" అన్నాడు. వెళ్ళారు. దున్నేవాళ్ళు వెళ్ళారు, కుండలు చేసేవాళ్ళు వెళ్ళారు, మంత్రసాని కూడా వెళ్ళింది. చేలో కలుపు తీసేవాడు కూడా మిగల్లేదు. వెళ్ళే ప్రతివాణ్ణీ బైరాగినాయుడు కావలించుకుని, "నీలాంటి దేశభక్తుడు లేడురా," అని కళ్ళు తుడుచుకునేవాడు.

విందు రోజు పొద్దున్నకి మిగిలింది ఆయనా, భార్య పైడమ్మా.

"మనిషికి రెండు వందలు. నువ్వు కూడా వెళితే నాలుగు వందలే పైడీ!"

"మరి మీకు వంటెవరు చేస్తారండీ?"

"ఇంత సంపన్నుడికి వంటెందుకే?"

అదీ నిజమేననుకుని పైడమ్మ అట్లపెనం చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

పంతులు వచ్చాడు. ఒకే తల ఉంది. నోరెళ్ళబెట్టి, "మనిషికి నాలుగు వందల కుంచాలు! మొదటి బంతి కందిదిబ్బది!" అని కేకేశాడు.

పొడవాటి బంతిలో ఒకే ఒక్క ఆకు వేశారు. బైరాగినాయుడు కూర్చున్నాడు. ఆకులో ఏడు బూరెలు పడ్డాయి, మీద వేడి నెయ్యి. ఏడేళ్ళ ఆశ! బూరె నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే తెలివి తన్నుకొచ్చింది.

"ఒక్కణ్ణి ఉంటేనే ఇంతైతే, నేను కూడా లేకపోతే నా దేశం ఇంకెంత సంపన్నమో!"

అంతే. బూరె ఆకులో పెట్టేసి, లేచి, వాగు దాటి అవతలి ఒడ్డున రెండో బంతికి కూర్చున్నవాళ్ళలో కలిసిపోయాడు.

ఆ బంతికి బూరెలు రాలేదు. చారన్నం జుర్రుకుంటూ, ఎదుటి ఒడ్డున ఈగలు ముసురుతున్న ఆ ఆకుని పక్కనున్న పైడమ్మకి గర్వంగా చూపించాడు.

"చూశావుటే మన దేశం! ఏడు బూరెలు వడ్డించినా ముట్టుకునేవాడు లేడు. అంత కడుపు నిండిన దేశమే మనది!"