ఒకటో నంబరు

రాజ్యాలు పోయాయి గానీ దొరలు పోలేదు. కొండవలసలో జగ్గభూపతి దొరగారింట్లో మూడు రోజులుగా నెట్టు లేదు. కేబుల్ పని చేసే గవరయ్యకి కబురెళ్లింది. అతను చెప్పులు వీధిలోనే విడిచి, గుమ్మం అవతల నిలబడ్డాడు. అతని తాత నిలబడిన చోటూ అదే.

"ఇవాళ బాగుచెయ్యకపోతే నీ పని ఊడబీకిస్తానురా," అన్నారు దొరగారు.

గవరయ్య అక్కణ్ణించే టీవీ సెట్టింగులు తెరిపించి చూశాడు. ఇంట్లో నెట్టు వాడే ప్రతి వస్తువుకీ ఒక నంబరుంటుంది. ఒకటో నంబరు, బయటి నెట్టుని ఇంట్లోకి తెచ్చే రౌటరు పెట్టెది. టీవీకీ ఆ ఒకటో నంబరే ఉంది; ఒకే నంబరు రెండింటికుంటే నెట్టు ఆగిపోతుంది.

"ఈ నంబరు ఎవరు మార్చారు బాబూ?"

"నేనే. ముందు యాభై మూడు అని ఉండేది. ఈ ఇంట్లో ఒకటో నంబరు నాది కాక ఎవడిదిరా?"

తప్పు మీదేనంటే రేపటికి పనుండదు. గవరయ్య చేతులు కట్టుకున్నాడు.

"ఉంచమంటే ఉంచుతాను బాబూ. కానీ అది యజమాని నంబరు కాదు, గుమ్మంలో నిలబడేవాడిది. బయటిది లోపలికి రావాలన్నా, లోపలిది బయటికి పోవాలన్నా వాడే మొయ్యాలి. ఇంటిల్లిపాదికీ చాకిరీ వాడిదే."

దొరగారి మొహం మాడిపోయింది. "ఛీ! ముందది తీసెయ్యి!"

యాభై మూడు పెట్టగానే టీవీ మోగింది. దొరగారు తల తిప్పకుండానే అడిగారు, "అయితే ఆ ఒకటి ఇప్పుడెవడిదిరా?"

"గుమ్మంలోవాడిదే బాబూ. వాడి చోటు కూడా లాక్కుంటే ఏమవుతుందో మూడు రోజులు చూశారు గదా."

దొరగారికి అది వినబడలేదు. నెట్టు వచ్చేసింది మరి.