పాపాయి గదికి ఏ రంగు

చిదంబరయ్య గారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా వెళ్ళి ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. "మీ ఇంటికి ఒకసారి వస్తాను" అంటారు. మోక్షం గురించి అడిగినా అంతే, మోకాళ్ళ నొప్పుల గురించి అడిగినా అంతే. వెంకటగిరిలో సాయంత్రం పూట ఆయన అరుగు మీద చేరే మా గుంపులో ఆయన అడుగుపెట్టని ఇల్లు లేదు. వచ్చి ఏం చేస్తారయ్యా అంటే, ఏమీ చెయ్యరు. కూచుంటారు, మంచినీళ్ళు తాగుతారు, ఎండగా ఉంటే ఒక కునుకు తీస్తారు. ఆయన వెళ్ళిపోయాక చూసుకుంటే మనకు జవాబైనా దొరికి ఉంటుంది, ప్రశ్నైనా పోయి ఉంటుంది. బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషికి ఈ విద్య ఎక్కడ అబ్బిందో నాకు తెలియదు. ఆ రోజుల్లో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు మాత్రం, అప్పట్లో అన్ని ప్రశ్నలకూ బెత్తంతోనే జవాబు చెప్పేవారని అంటారు.

మందుల షాపు ముకుందం అడిగిన ప్రశ్న వినగానే అరుగు మీద అందరం నవ్వాం. అతను నవ్వలేదు. చేతులు కట్టుకుని, బడిపిల్లవాడిలా నించుని అడిగాడు.

"స్వామీ, పుట్టబోయే బిడ్డ గదికి ఏ రంగు వేస్తే మంచిది?"

ఆపైన తనే చెప్పుకుపోయాడు. నీలం వేస్తే బిడ్డకు నిద్ర బాగా పడుతుందట. పసుపు వేస్తే బుద్ధి చురుకవుతుందట, కానీ ఎక్కువైతే ఏడుస్తారట. ఆకుపచ్చ కళ్ళకు చలవట. ఎరుపు దగ్గరికే రానివ్వకూడదట. ఇంకొకచోట మాత్రం పుట్టిన కొత్తలో పిల్లలకు నలుపూ తెలుపూ తప్ప మరేదీ సరిగ్గా ఆనదని రాశారట. షాపులో బేరం లేనప్పుడల్లా అతను ఫోన్లో ఇవే చదువుతున్నాడు. ఏది నమ్మాలో తెలియడం లేదని, తప్పు రంగు వేస్తే బిడ్డ ఎదుగుదల దెబ్బతింటుందేమోనని భయంగా ఉందని అన్నాడు.

నా నోరు ఊరుకోదు కదా. "మేమంతా పొగచూరిన వంటింటి మూలల్లో పెరిగినవాళ్ళం నాయనా, మా బుద్ధికేం లోటొచ్చింది" అన్నాను. మళ్ళీ నవ్వారు. చిదంబరయ్య గారు నవ్వలేదు. ముకుందం మొహంలోకి కాసేపు చూసి, "ఇంతకు ముందు ఏ రంగు ఉండేది?" అని అడిగారు.

"లేత పచ్చ స్వామీ. అలివేలు ఏరింది."

ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది. అలివేలు ముకుందం భార్య. తల్లి లేని పిల్ల కాబట్టి మొదటి పురుడు అత్తవారింట్లోనే జరిగింది. పక్కింటిదాన్ని, పిల్లకు స్నానాలు పోసింది నేనే. ఎంత పిల్లనుకున్నారు, రెండు అరచేతుల్లో ఇమిడిపోయేది. గుండెలో పుట్టుకతోనే ఏదో లోపం ఉందన్నారు డాక్టర్లు. బారసాల కూడా కాకుండానే పోయింది. ఆ పిల్ల ఉన్న నాలుగు నాళ్ళూ ఆ లేత పచ్చ గదిలోనే ఉంది. అది మొదలు అలివేలు ఆ గది గుమ్మం దాటలేదు. ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా చీపురు ముకుందం చేతికిచ్చి తను బయటే నిలబడుతుంది.

ఇప్పుడు మళ్ళీ ఏడో నెల నిండింది. మనిషి మామూలుగానే ఉంటుంది, వండుతుంది, నాతో కబుర్లు చెబుతుంది. కానీ ముకుందంతో ఒక మాట తెగేసి చెప్పింది. ఆస్పత్రి నుంచి బిడ్డనెత్తుకుని నేరుగా గూడూరులో అక్క దగ్గరికి వెళ్తానని, ఈ ఇంటికి తిరిగి రానని. అతను బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి రంగు డబ్బాలు కొన్నాడు. రంగు మారితే గది మారుతుంది, గది మారితే మనసు మారుతుంది అని అతని లెక్క. పాపం, పెళ్ళామూ బిడ్డా ఇంటికి వస్తారా రారా అని అడగలేక, ఏ రంగు మంచిదని అడుగుతున్నాడు.

"రేపు మధ్యాహ్నం మీ ఇంటికి వస్తాను అబ్బయ్యా" అన్నారు చిదంబరయ్య గారు.

అన్నట్టే వచ్చారు. పొద్దున్నంతా ముసురు పట్టి, అప్పుడే తెరిపిచ్చింది. దారిలో నన్నూ పిలుచుకున్నారు. గదిలోకి వెళ్ళి చూద్దును కదా, నాలుగు గోడలూ అతుకుల బొంతలా ఉన్నాయి. ఇక్కడ చేటంత నీలం, అక్కడ పళ్ళెమంత పసుపు, కిటికీ కింద గులాబీ, మూల మీద ఏదో బూడిద రంగు. వేసి చూశాడు, నచ్చక పక్కన ఇంకొకటి వేశాడు. అన్నిటి సందుల్లోంచీ ఆ పాత లేత పచ్చ తొంగిచూస్తూనే ఉంది. ముకుందం ఒక్కొక్క రంగు పేరూ, దాని గుణమూ చెప్పబోయాడు. చిదంబరయ్య గారు సరే సరే అని, కండువా మడిచి తల కింద పెట్టుకుని, నేల మీద వెల్లకిలా పడుకున్నారు. రెండు నిమిషాల్లో గుర్రు.

ఏం చెయ్యను, నేనూ గోడకు చేరగిలబడ్డాను. అలివేలు గుమ్మం అవతల, ద్వారబంధానికి వీపు ఆనించి, కాళ్ళు హాల్లోకి చాపుకుని కూచుంది. మాకు మజ్జిగ ఇవ్వడానికి కూడా లోపలికి రాలేదు, గ్లాసులు గడప మీద పెట్టింది. కిటికీలోంచి వెలుతురు మెల్లమెల్లగా జరుగుతోంది. మబ్బు కమ్మితే గోడ మీది రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి ఏదేదో తెలియడం లేదు. మబ్బు తొలగితే మళ్ళీ దేనికది విడివడుతోంది. పక్క వీధిలోంచి మగ్గం చప్పుడు వినిపిస్తోంది. చూస్తూ చూస్తూ ఉండగా నాకు ఆ గది నేల మీద ఉన్నట్టే అనిపించలేదు, ఎక్కడో నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. మెలకువో నిద్రో తెలియని ఆ మగతలో, పిల్లకు పోసిన వేణ్ణీళ్ళ వెచ్చదనం నా కాళ్ళ మీద తగిలింది. ఉలిక్కిపడి లేచాను.

చిదంబరయ్య గారు అప్పటికే కళ్ళు తెరిచి ఉన్నారు. పడుకునే, "అమ్మాయ్, కట్టి కట్టి మెత్తబడిన చీర ఏదైనా ఉంటే ఒకటి ఇవ్వు" అన్నారు.

అలివేలు లేచి వెళ్ళి వంకాయ రంగు నేత చీర ఒకటి తెచ్చింది. గడప ఇవతలికి చెయ్యి మాత్రం చాపి నాకు అందించింది.

"దీన్ని ఆ దూలానికున్న కొక్కేనికి ఉయ్యాల కట్టబ్బయ్యా" అన్నారు ముకుందంతో.

నాకు ఒళ్ళు మండింది. "స్వామీ, మీరు పెద్దవారు, ఎదురు చెప్పకూడదు గానీ, బిడ్డ పుట్టకముందే ఉయ్యాల కట్టడం ఎక్కడైనా ఉందా? ఈ ఇంట్లో ఇప్పటికే జరిగింది చాలదూ?" అన్నాను.

"బిడ్డకు కాదమ్మా, ముకుందానికి" అన్నారు ఆయన, అదేదో మామూలు సంగతి అయినట్టు.

ముకుందం కట్టాడు. ముడి రెండుసార్లు జారింది. మొదటి పిల్లకు కూడా అదే కొక్కేనికి, అదే చేతులతో కట్టాడు. కట్టాక చిదంబరయ్య గారు, "ఇప్పుడు దాంట్లో తల పెట్టి వెల్లకిలా చూడు. ఏ రంగు కనిపిస్తుందో చెప్పు" అన్నారు. చెట్టంత మగవాడు మోకాళ్ళ మీద కూచుని, వెనక్కి వాలి, ఉయ్యాలలో తల పెట్టాడు. మామూలప్పుడైతే ఆ దృశ్యానికి నేను వారం రోజులు నవ్వుకునేదాన్ని.

"గోడలు కనిపిస్తున్నాయా?"

"లేదు స్వామీ."

"నీలం? పసుపు?"

"లేవు స్వామీ. ఏ గోడా లేదు." చీర మడతల్లోంచి అతని గొంతు ఎక్కడో దూరంగా వినిపించింది. "అంతా వంకాయ రంగు వెలుతురే. పైన మాత్రం సన్నగా ఒక చీలిక, అందులోంచి దూలం ముక్క. మబ్బు వస్తే చీకటవుతోంది, పోతే వెలుగవుతోంది. నా ఊపిరి నాకే వినిపిస్తోంది. చీర... అలివేలు వాసన వస్తోంది."

పక్క వీధిలో మగ్గం చప్పుడు ఆగింది. ఉయ్యాల లోపలినుంచి ఒక మాట వచ్చింది.

"మన పాప ఇదే చూసిందా?"

ఆ పిల్ల పోయిన దగ్గర్నుంచీ ముకుందం నోట పాప అన్న మాట నేను వినలేదు. ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. అతను గబుక్కున తల బయటికి లాక్కుని లేచాడు. మాకు మొహం కనబడకుండా గోడవైపు తిరిగి, ఆ నీలం రంగు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అతను లేచిన విసురుకు ఉయ్యాల ఊగడం మొదలుపెట్టింది. లోపల ఏమీ లేదు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, ఖాళీ ఉయ్యాల ఊగుతోంది.

ఖాళీ ఉయ్యాల ఊపకూడదని మనవాళ్ళలో పసిపిల్లకు కూడా తెలుసు. నేను గోడ పట్టుకుని లేవబోయాను, ఈ మోకాళ్ళతో లేచేసరికి ఎంతసేపు పడుతుంది. నాకంటే ముందే అలివేలు వచ్చేసింది. ఆ నిండు పొట్టతో, గడప దాటానన్న ధ్యాస కూడా లేకుండా వచ్చి, రెండు చేతులతో ఉయ్యాలను పట్టుకుని తన పొట్టకు అదుముకుంది. అది ఆగిపోయింది.

"ఆపరేం?" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఖాళీ ఉయ్యాల ఊగుతుంటే ఎవరూ ఆపరేం?"

ఉయ్యాలలోకి చూస్తూ ఆమే చెప్పింది. "పాప పోయిన రోజు గూడూరు బావగారు పాపనెత్తుకుని వెళ్తుంటే ఉయ్యాలకు భుజం తగిలింది. అది ఊగుతూనే ఉంది. నేను ఈ గుమ్మంలోనే ఉన్నాను, కాళ్ళు రాలేదు. ఈయన పక్కనే ఉన్నారు. చెయ్యి చాపితే అందుతుంది. గోడవైపు తిరిగి నిలబడ్డారు. అది దానంతట అది ఆగేదాకా నేనొక్కదాన్నే చూశాను పిన్నీ. నాకు ఈ గదిలో ఇప్పటికీ అది ఊగుతూనే ఉంటుంది. లేత పచ్చ నేనే ఏరాను. రంగు వల్ల ఎవరూ పోరని నాకు తెలుసు. తెలిసీ, ఆ రంగు ఎందుకు ఏరానా అని రోజూ అనుకుంటాను."

ఆ రోజు నేను పెరట్లో ఆడవాళ్ళతో ఉన్నాను. ఈ సంగతి ఇప్పుడు ఆమె చెబితేనే నాకు తెలిసింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. నేను ఏడిస్తే అలివేలు కూడా ఏడుస్తుందని. ఆమె మాత్రం ఏడవడం లేదు, ఉయ్యాల వదలడం లేదు. చీర అంచులు పిడికిళ్ళలో బిగించి అలాగే నిలబడింది.

ముకుందం గోడవైపు నుంచి తిరగలేదు. వెనక నుంచి చూస్తే అతని భుజాలు కదులుతున్నాయి. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి మాట్లాడినట్టు, గోడతోనే అన్నాడు. "రేపే పెయింటర్ని పిలిపిస్తాను స్వామీ. ఏ రంగు వెయ్యమన్నా వేయిస్తాను. మీరు ఒక్క మాట చెప్పండి."

చిదంబరయ్య గారు లేచి కూచున్నారు. కండువా దులుపుకుని భుజం మీద వేసుకున్నారు. ఇంటికి బయలుదేరే మనిషి చెప్పులు ఎక్కడ విడిచానా అని వెతుక్కునేటప్పుడు మాట్లాడే తీరులో అన్నారు.

"గోడలు ఎక్కడికీ పోవు అబ్బయ్యా. ముందు ఆ ఉయ్యాల నువ్వు కూడా పట్టుకో."